నాన్న వేసిన బ్రేకు

మా నాన్న గూడ్సు బండి నడిపేవాడు. కోరాపుట్ నుంచి రాయగడకు కొండలు దిగే లైన్లో ఇనుప ఖనిజం నింపిన వేగన్లను కిందికి తెచ్చేవాడు, ఖాళీవాటిని పైకి తీసుకెళ్లేవాడు. మేం రాయగడ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. అమ్మా నాన్నలది పార్వతీపురం దగ్గర పల్లె. నేను పుట్టింది రాయగడలోనే. బడిలో ఒడియా, ఇంట్లో మా ఊరి తెలుగు.

ప్లస్ టూ మొదటి సంవత్సరంలో ఫిజిక్సు నాకు కొరుకుడు పడలేదు. ముఖ్యంగా సాపేక్ష వేగం. నిలువుగా పడుతున్న వానలో ఒక మనిషి ఫలానా వేగంతో నడుస్తున్నాడు, గొడుగు ఎంత వాల్చి పట్టుకోవాలి అని లెక్క. వాన వేగంలోంచి మనిషి వేగాన్ని తీసేయమన్నారు మాస్టారు. ఆయన బోర్డు మీద బాణాలు గీశారు, నేను నోట్సులోకి ఎక్కించుకున్నాను. కిందికి పడే దానిలోంచి ముందుకు నడిచేదాన్ని ఎలా తీసేస్తారో మాత్రం నాకు బోధపడలేదు. ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని ఏడుపు మొహం పెట్టుకుంటే నాన్న చూశాడు.

"ఏటమ్మీ, ఏటయింది?"

చెప్పాను. నాన్న పదో తరగతి తర్వాత ఐటీఐ చదివి రైల్వేలో చేరినవాడు. వెక్టరు అనే మాట ఆయన వినలేదు. లెక్క మొత్తం నా చేత ఒకసారి చదివించుకున్నాడు.

"ఇంజను ఆగి ఉన్నప్పుడు అద్దం మీద వాన నిలువుగా కారతాది," అన్నాడు. "బండి కదిలితే మొహం మీదకి కొట్టినట్టు వస్తాది. వానకి మన మీద కోపమేటి? అది నిలువుగానే పడతంది. మనమే దాని మీదకి ఎల్తన్నాం. మన ఎల్లడం మనకి తెలీదు. అది మన మీదకి రావడం ఒక్కటే కనబడతాది."

"అయితే ఎలాగ గియ్యాల?"

"నీకున్న వేగాన్ని తిప్పి దానికి ఇచ్చీ. మనం ఇటు ఎల్తన్నాం గదా, వాన అటు నుంచి వస్తన్నట్టు గియ్యి."

కాగితం మీద కిందికి ఒక బాణం గీశాను. దాని కొస నుంచి బండికి ఎదురు దిక్కుగా ఇంకొకటి గీశాను. మొదటి బాణం తోకనీ రెండో బాణం కొసనీ కలిపితే ఏటవాలుగా మూడో బాణం వచ్చింది. ఇంజను అద్దం మీద నాన్నకు రోజూ కనబడే వాన అదే. ఆ తర్వాత ఆ పాఠంలో నాకు రాని లెక్క లేదు. పడవ, ఏరు లెక్కలు, విమానం, గాలి లెక్కలు, ఎదురెదురుగా వచ్చే బళ్ల లెక్కలు, అన్నింటికీ ఒకటే పద్ధతి. ఒకదాన్ని కదలకుండా నిలబెట్టి, దాని వేగాన్ని తిప్పి మిగతావాటికి కలపడమే. నాకు ఆ చదువు మీద మక్కువ పుట్టింది అక్కడే.

మరుసటి ఏడాది శ్రావణంలో ఒకరోజు నాన్న మధ్యాహ్నం రావలసినవాడు సాయంత్రానికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం మెట్టు మీద బూట్లతోనే కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏటయిందండీ?"

"నీళ్లు పెరట్లో పెట్టు. తానం సేసే లోపలికొస్తాను."

అమ్మకు అర్థమయింది. బకెట్టు తీసుకెళ్లింది. అంతకు ముందు కూడా రెండుసార్లు ఇలా పెరట్లో స్నానం చేశాడట, నా చిన్నతనంలో. ఆ ఇద్దరూ చావడానికే పట్టాల మీదికి వచ్చినవాళ్లు. అప్పుడు నాన్న రెండు మూడు రోజులు అన్నం సరిగా తినలేదనీ, తర్వాత తేరుకున్నాడనీ అమ్మ చెప్పింది.

ఈసారి చనిపోయిన ఆమె చావడానికి రాలేదు. ఇంటికి పోతోంది.

ఏం జరిగిందో నాన్న ఆ రాత్రి చెప్పలేదు, మర్నాడు చెప్పాడు. సొరంగం దాటగానే మలుపు, మలుపు తర్వాత కొండ మీది ఊరికి పోయే కాలిబాట పట్టాలను దాటుతుంది. గేటు లేదు, అది దారి కిందే లెక్క కాదు, కానీ ఊరివాళ్లు తరతరాలుగా నడిచేది అదే. జోరున వాన. పక్కనే కొండవాగు హోరు. ఇంజను సొరంగంలోంచి బయటికి రాగానే ఆమె కనబడింది. నెత్తిన కట్టెల మోపు, వీపు మీదుగా తలదాకా వానకు కప్పుకున్న ఆకుల గిడుగు. గిడుగు బండి వైపే ఉంది. నాన్న కూత వేశాడు, వేస్తూనే ఎమర్జెన్సీ బ్రేకు లాగాడు. ఆమె తల తిప్పలేదు. తల తిప్పేటట్టు లేదు కూడా, నెత్తిన బరువుంది.

విచారణలో నాన్న తప్పేమీ లేదని తేల్చారు. కూత వేశాడు, బ్రేకు వేశాడు, వేగం పరిమితిలోనే ఉంది. కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న నేను కాలేజీకి తయారవుతుంటే నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"అమ్మీ, నీ పుస్తకంలో ఆ బాణాల లెక్క ఉంది గదా."

"ఉంది నానా."

"నాకో లెక్క సేసి పెట్టు."

ఏ లెక్కో అడగనక్కర్లేకపోయింది. ఆ రోజుకు కాలేజీ మానేశాను. ఇద్దరం గుమ్మం మెట్టు మీద కూర్చున్నాం. నాన్న చెబుతుంటే రాసుకున్నాను.

బండి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ఉంది. అది గట్టి లెక్క, మీటరు చూపించింది. అంటే సెకనుకు పదకొండు మీటర్లు. బ్రేకు పడ్డాక బండి పొడుగెంతో దాదాపు అంత దూరం పోయి ఆగింది. దాన్నుంచి బ్రేకు బలం ఎంతో లెక్క కట్టాను. ఆమె కనబడినప్పుడు బాటకీ ఇంజనుకీ మధ్య ఎంత దూరం అని అడిగాను.

నాన్న కళ్లు మూసుకున్నాడు. "ఓ పద్దెనిమిది, ఇరవై వేగన్ల పొడుగుంటాది."

ఒక్కో వేగను పదకొండు మీటర్లకు కాస్త తక్కువ. పద్దెనిమిదితో హెచ్చవేశాను. నూట తొంభై మూడు మీటర్లు.

"ఆమె పట్టాల నడిమికి ఎంత దూరంలో ఉంది?"

"మన గుమ్మానికీ ఆ కుళాయికీ ఉన్నంత."

అమ్మ మిషను మీద పెట్టుకునే టేపు తెచ్చి కొలిచాను. ఇరవై మీటర్లు.

"ఎంత వేగంగా నడిసింది?"

"మోపుతో నడిసినట్టే నడిసింది. అదెంతో నాకేటి తెలుసు?"

ఇంట్లో బియ్యం మూట ఉంది, పది పదిహేను కిలోలుంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి, నేను కదలగానే చేతి గడియారంలో సెకన్లు చూడమని నాన్నకు చెప్పాను. కుళాయి దాకా నడిచాను. నెత్తిన బరువుంటే చూపు నేల మీదే ఉంటుంది, మెడ బిగుసుకుంటుంది. పక్క క్వార్టరులో ఎవరో పిలిచారు, నేను తల తిప్పలేకపోయాను. అమ్మ బయటికొచ్చి, "ఏటే ఆ పని? దింపు!" అని అరిచింది. కుళాయి దగ్గరకు చేరి, వెనక్కి తిరిగి ఎన్ని సెకన్లని అడిగాను. నాన్న గడియారం వైపు చూడటం లేదు. మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. రెండోసారి నేనే గడియారం పట్టుకుని నడిచాను. ఇరవై సెకన్లు. సెకనుకు ఒక మీటరు.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు. "నేను ఒక్క సెకను ముందు బ్రేకు ఏసుంటే ఆమె బతికేదా?"

పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లాను. నాన్న నేర్పిన పద్ధతే. ఇంజనును కదలకుండా నిలబెట్టాను. అప్పుడు కొండ, వాగు, కాలిబాట, ఆమె, అన్నీ ఇంజను మీదికి వస్తాయి. ఆమె సెకనుకు పదకొండు మీటర్లు ఇంజను వైపూ, ఒక మీటరు పక్కకీ కదులుతుంది. ఆ రెండు బాణాలూ కలిపితే ఒక ఏటవాలు గీత. ఇంజను ముఖం వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు. ఆ గీత ఆ వెడల్పులోకి వచ్చి తగులుతుందా, పక్కనుంచి పోతుందా అన్నదే లెక్క. బ్రేకు పడుతున్న కొద్దీ ఆమె ఇంజను మీదికి వచ్చే వేగం తగ్గుతుంది కాబట్టి గీత కొద్దిగా వంపు తిరుగుతుంది.

ఒక్క సెకను ముందు బ్రేకు వేసి ఉంటే బండి బాట దగ్గరకు చేరడం సెకనులో అయిదో వంతు ఆలస్యమయ్యేది, అంతే. ఆమె అప్పటికీ పట్టాల మధ్యే ఉండేది. పైగా ఒక్క సెకను ముందు ఇంజను సొరంగంలో ఉంది, ఆమె కనబడే వీలే లేదు. గుండె తేలిక పడింది. నాన్నకు ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఏ లెక్కనైనా రెండు వైపుల నుంచీ చేసి సరిచూసుకోవడం మాస్టారు నేర్పిన అలవాటు. బ్రేకు అసలు వేయకపోతే ఏమవుతుందని ఇంకో కాగితం మీద వేశాను. అప్పుడు గీత వంపు లేకుండా తిన్నగా వచ్చింది. పదిహేడున్నర సెకన్లకు ఇంజను బాట దగ్గరకు చేరుతుంది. అప్పటికి ఆమె పట్టాల నడిమికి ఇంకా రెండున్నర మీటర్లు ఇవతలే ఉంటుంది. ఇంజను ఆమె ముందు నుంచి దూసుకుపోతుంది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతుంది, మోపు కింద పడేస్తుంది. బతుకుతుంది.

బ్రేకు వేశాడు కాబట్టి బండి సెకనున్నర ఆలస్యమయింది. ఆ సెకనున్నరలో ఆమె మీటరున్నర నడిచి ఇంజను వెడల్పులోకి వచ్చేసింది.

మళ్లీ వేశాను. అదే జవాబు. కాగితం నాలుగు ముక్కలు చేసి, అమ్మ చూడకుండా పొయ్యిలో పెట్టాను. మొదటి లెక్క ఉన్న కాగితం పట్టుకుని బయటికి వచ్చాను.

"సెకను ముందు ఏసినా ఏటీ ఒరిగేది నేదు నానా. ఇదిగో."

కాగితం తీసుకున్నాడు. అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాడు. అర్థమయ్యాయో లేదో తెలియదు.

"అయితే నేనేటి సేసినా ఒకటేనా?"

"ఒకటే నానా."

"నిజంగానేనా?"

"నిజంగానే. నువ్వేటి సేసినా ఒకటే."

నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సోమవారం డ్యూటీకి వెళ్లాడు.

ఆ తర్వాత నాన్న ఏడేళ్లు బండి నడిపి రిటైరయ్యాడు. మనిషి మాత్రం మారిపోయాడు. వాన పడుతుంటే కిటికీ దగ్గర కూర్చోడు. అన్నం తింటూ మధ్యలో ఆగిపోతాడు. ఆ మలుపు దగ్గర అవసరం ఉన్నా లేకపోయినా బాట దాటేదాకా కూత ఆపేవాడు కాదని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పారు. నేను బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివాను. సునాబెడలో గది అద్దెకు తీసుకుని, రోజూ బస్సులో కోరాపుట్ వెళ్లి ప్లస్ టూ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఏటా జూలైలో సాపేక్ష వేగం పాఠం వస్తుంది. వాన లెక్కా గొడుగు లెక్కా నాన్న చెప్పినట్టే చెబుతాను. పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. చాలా ఏళ్లు, పాఠం అయ్యాక స్టాఫ్ రూముకు వచ్చి ఒక మూల కాసేపు కూర్చునేదాన్ని. నాన్న మంచికి చేసిన పనే ఒక మనిషి ప్రాణం తీసిందని నాకు తెలుసు అనుకునేదాన్ని. ఆయనకు తెలియదు. ఇద్దరికీ మధ్య నేను చెప్పిన అబద్ధం ఉండేది.

మూడేళ్ల కిందట ల్యాబులో పిల్లల ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను. లమ్తపుట్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి స్ప్రింగు ప్రయోగం చాలా శ్రద్ధగా చేసింది. జవాబు కింద తప్పుకు అవకాశం ఎంతో మాత్రం రాయలేదు. పిలిచి మందలించాను.

"స్కేలుతో కొలిచావు. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండదా? అది రాయకపోతే నీ జవాబుకు అర్థమే లేదు."

"కానీ మేడం, నాకు వచ్చిన కొలత అదే."

"నీకు వచ్చింది అదే. ఉన్నది అదే అని ఎలా చెబుతావు?"

అమ్మాయి రికార్డు తీసుకుని వెళ్లిపోయింది. నా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంది. ఓ పద్దెనిమిది, ఇరవై వేగన్ల పొడుగుంటాది అన్న నాన్న గొంతు వినబడింది. పద్దెనిమిదో, ఇరవయ్యో. ఆయన రెండూ చెప్పాడు. ముందు చెప్పింది పద్దెనిమిది కాబట్టి నేను పద్దెనిమిది తీసుకున్నాను. అంతకు మించి కారణం లేదు.

అక్కడే, ల్యాబు బల్ల మీద, ఇరవైతో లెక్క వేశాను. ఇరవై వేగన్ల దూరమైతే బ్రేకు వేయకపోయినా ఇంజను వచ్చేసరికి ఆమె పట్టాల మధ్యే ఉంటుంది. బ్రేకు వేసినా ఉంటుంది. తేడా ఏమీ లేదు. ఆమె నడక కాస్త వేగమైతే జవాబు మారిపోతుంది. ఆమె ఇరవై మీటర్ల దగ్గర కాక పంతొమ్మిది దగ్గర ఉంటే మారిపోతుంది. వానలో, సొరంగపు చీకటిలోంచి బయటపడిన కళ్లతో, ఒక్క క్షణం చూసిన మనిషి చెప్పిన దూరం అది. బియ్యం మూటతో నేను నడిచిన నడక ఆమె నడక ఎలా అవుతుంది? ఆ లెక్క ఏమీ చెప్పలేదు. చెప్పిందని పదిహేడేళ్ల వయసులో నేను నమ్మాను. నమ్మి ఇన్నేళ్లు మా నాన్నను మనసులో దోషిని చేసి, జాలిపడుతూ బతికాను.

ఏడుపు వచ్చింది. ల్యాబు తలుపు దగ్గరకు వేసి ఏడ్చాను.

ఆదివారం బస్సెక్కి రాయగడ వెళ్లాను. నాన్న రిటైరయ్యాక స్టేషను దగ్గర్లోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మ బజారుకు వెళ్లింది. నాన్న వరండాలో ఉన్నాడు. మొత్తం చెప్పేశాను. కాల్చేసిన కాగితం సంగతి, దాని మీద వచ్చిన జవాబు, ఆ జవాబు నిలవదని ఇప్పుడు తెలిసిన సంగతి.

నాన్న నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"అంటే బ్రేకు ఏసి నేనే..."

"తెలీదు నానా. ఆ మాట సెప్పడానికే వచ్చేను. అవునని అనలేం, కాదని అనలేం. ఆ రోజు ఏటి సేసినా ఒకటే అన్నాను, అదీ తెలిసి అన్న మాట కాదు."

"ఇన్నాళ్లు సెప్పకుండా ఉంచుకున్నావు."

"బయమేసింది."

కోప్పడతాడనుకున్నాను. ఆయన లేచి, వరండా చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మీ, ఆ రోజు నిన్ను అడిగిన లెక్క నాకు కావల్సింది కాదు. బ్రేకు సంగతి ఆపీసర్లు తేల్చేసేరు, నాకు తెలుసు. నేను అడగలేనిది ఇంకోటి ఉంది."

"ఏటి నానా?"

"ఆకర్న ఆమె తల తిప్పింది. మోపు పడిపోతంది, ఆమె తిరిగింది. మొహం కనబడే సమయానికి నేను కళ్లు మూసేసుకున్నాను. ఆ మనిసిని ఆకర్న సూడాల్సినవోడిని నేనొక్కడినే. సూడలేదు. ఎలాగుంటాదో తెలీదు. అప్పట్నుంచీ ఏ ఆడమనిసి ఎదురొచ్చినా ఈమేనా అలాగుండేది అనుకుంటాను."

అమ్మకు కూడా ఆ మాట ఎప్పుడూ చెప్పలేదట. నా బాణాలకూ అంకెలకూ అందే మాట కాదది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అమ్మ సంచీతో వచ్చి మమ్మల్ని చూసి లోపలికి వెళ్లింది.

"ఆ ఊరు ఎల్దామా?" అన్నాను.

"ఎల్లి ఏటని సెప్పాల?"

"నాకూ తెలీదు."

దసరా పూజ సెలవుల్లో వెళ్లాం. లక్ష్మీపూర్ దాటాక బస్సు దిగి గంటసేపు కొండ ఎక్కాం. రాగి చేలు కోతకు వస్తున్నాయి. ఊరు ముప్పై ఇళ్లు ఉంటుంది. రైలు కింద పడిన ఆమె ఇల్లు ఏదని అడిగితే ఒక పిల్ల ముందు నడిచి చూపించింది. ఆమె భర్త ముసలాయన, అరుగు మీద కూర్చుని చీపురు పుల్లలు కడుతున్నాడు. కళ్లకు మసక కమ్మినట్టుంది, మమ్మల్ని గుర్తుపట్టడానికి తల ముందుకు చాచాడు. ఆయన మాట్లాడేది దేశియా. నాన్నకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ భాష బాగానే పట్టుబడింది, నాకూ వస్తుంది.

నాన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"ఆ రోజు బండి నడిపింది నేను."

ముసలాయన చేతిలో పుల్లలు ఆగిపోయాయి. లోపల పని చేసుకుంటున్న కోడలు గుమ్మంలోకి వచ్చింది. వెనక్కి వెళ్లిపోదామని నాకు అనిపించింది.

"ఆపాలని చూశావా?" అని అడిగాడు ముసలాయన.

"చూశాను."

"ఆగలేదా?"

"ఆగలేదు. బరువు బండి."

ఆయన తల ఊపాడు. కూర్చోమని అరుగు మీద చోటు చూపించాడు. నాన్న కూర్చున్నాక, ఆమె ఫోటో ఏదైనా ఉంటే ఒకసారి చూపించమని అడిగాడు. కోడలు లోపలికి వెళ్లి, ఇంటి కప్పు వాసంలో దోపి ఉన్న ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. అందులో ఆధార్ కార్డు ఉంది. వేలెడంత ఫోటో. నుదుటి మీద పచ్చబొట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, కెమెరా కేసి చిరాగ్గా చూస్తున్న కళ్లు. యాభై ఏళ్లుంటాయేమో. నాన్న కార్డు రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆమె పేరు పైకి చదివాడు. ఆ పేరు ఇక్కడ రాయను.

"మాట కరుకు," అన్నాడు ముసలాయన. "వానలో కట్టెలకు పోవద్దన్నాను. పొయ్యి నువ్వు వెలిగిస్తావా అంది."

కోడలు మాండియా పేజ్ తెచ్చింది, రాగి జావ. నాన్న తాగి, గిన్నె తనే కడిగి బోర్లించాడు. ఆ ఇంట్లో ఇంకో గంట కూర్చున్నాం. వానల గురించీ, ఈ ఏటి రాగి పంట గురించీ మాట్లాడుకున్నారు. ముసలాయన మమ్మల్ని సగం దారి దాకా దిగబెట్టడానికి వచ్చాడు. కళ్లు కనబడకపోయినా కాలికి రాయి తగలకుండా నడిచాడు.

బస్సులో నాన్న కిటికీ పక్క సీట్లో నిద్రపోయాడు. ఆయన కూర్చుని నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ చలికాలంలో నాన్న మళ్లీ ఒక్కడే ఆ ఊరు వెళ్లాడు. ముసలాయన కళ్లకు శుక్లాలనీ, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందనీ, ఎవరూ తీసుకెళ్లేవాళ్లు లేరనీ తెలుసుకుని వచ్చాడు. కొడుకు పనికి కేరళ పోయాడు, కోడలికి చంటిపిల్ల. నాన్నే వెళ్లి ఆయన్ను రాయగడ తీసుకొచ్చాడు. ఆపరేషన్ అయ్యాక వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ మొదటి రోజు కాస్త బిగుసుకుని ఉన్నా, రెండో రోజు నుంచి ఆయనకు రాగి జావ పల్చగా కావాలో చిక్కగా కావాలో తెలిసినదానిలా చేసిపెట్టింది.

"పాపం, కారం తినడండీ," అని నాన్నతో అనేది.

నేను ఆ వారం రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. వరండాలో ఇద్దరూ ఎండలో కూర్చుని ఉన్నారు. డాక్టరు కంట్లో వేయమన్న మందు నాన్న దగ్గరే ఉంది. రోజుకు నాలుగు సార్లు, గడియారం చూసుకుని, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వేసేవాడు. ముసలాయన తల వెనక్కి వాల్చి కదలకుండా కూర్చునేవాడు. నాన్న ఒక చేత్తో ఆయన రెప్ప పైకెత్తి, రెండో చేత్తో మందు సీసా పట్టుకుని, ఆ కంట్లోకే చూస్తూ చుక్క వదిలేవాడు.